అత్తయ్య పడవకు అడుగు పూత

పెళ్ళయి మండవల్లి దగ్గర అత్తవారి ఊరికి వచ్చిన కొత్తలో నాకు రెండంటే భయం: నీళ్ళు, మా అత్తయ్య. మాది చింతలపూడి పక్క మెట్ట ఊరు. అక్కడ నీళ్ళంటే బోరులో పడితే ఉన్నట్టు, పడకపోతే లేనట్టు. ఇక్కడేమో పెరటి తలుపు తీస్తే డ్రెయిన్, డ్రెయిన్ అవతల గట్టు, గట్టు దిగితే కొల్లేరు. అంత నీళ్ళలో మా అత్తయ్య ఒక్కరే చిన్న చెక్క పడవ మీద గెడ వేసుకుంటూ పోయి, లంకలో గేదెలకు పచ్చిగడ్డి కోసుకుని, ఎండెక్కేలోగా తిరిగి వచ్చేసేవారు. గెడ అంటే ఆవిడ కన్నా బాగా పొడుగున్న వెదురు. దాన్ని అడుగు బురదలో గుచ్చి నెట్టుకుంటూ వెళ్ళాలి. నేను పెరటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి, ఆవిడ వస్తారా రారా అని చూస్తుండేదాన్ని. ఆ చూపు ఆవిడకి నచ్చేది కాదు.

"నేనేం యుద్ధానికెళ్ళానా అమ్మాయ్? గడ్డికెళ్ళాను" అనేవారు.

పడవ ఉండేది ఇంటి వెనక డ్రెయిన్‌లో. గడ్డి ఉండేది కొల్లేరులో. మధ్యనున్న గట్టు దాటించాలంటే పడవని నీళ్ళలోంచి లాగి, గట్టెక్కించి, అవతలికి దింపాలి. వచ్చేటప్పుడు గడ్డి మోపులు దింపేసి మళ్ళీ అదే పని. పడవని అవతలే వదిలేయొచ్చు కదండీ అని ఒకసారి అడిగాను. గేదెని రోడ్డు మీద వదిలేస్తామా అన్నారు. అంతటితో నా సలహాలు ఆగిపోయాయి. మామగారు ఉన్నంత కాలం ఆయన ఒక చెయ్యి వేసేవారట. నేను రాకముందే ఆయన పోయారు. తర్వాత అత్తయ్యకి సాయం పట్టిన ఆవిడ తోడికోడలు, కూతురి దగ్గర ఉండడానికి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయారు. అయినా అత్తయ్య ఒంటరిగానే లాగేవారు. మట్టి గట్టు కాబట్టి కాసిని నీళ్ళు చల్లితే పడవ జారేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఎవరి నోట విన్నా చేపల చెరువుల మాటే. చేపల లారీలు తిరగడానికని ఆ మట్టి గట్టు మీద గ్రావెల్ పోశారు. లారీలకి సుఖమే. మా పడవ అడుగుని మాత్రం ఆ గ్రావెల్ కొబ్బరి కోరినట్టు కోరేసింది. మామగారి రోజుల నుంచీ ఏటేటా వేస్తున్న తారు ఎండకి మెత్తబడి రాళ్ళని అంటించుకునేది, ఆ రాళ్ళతో పాటే పెచ్చులూడేది. చెక్క బయటపడింది, నెర్రెలిచ్చింది, పడవలో నీళ్ళు ఊరడం మొదలైంది. ఆ చలికాలంలో ఒక పొద్దున పడవ లాగుతూ అత్తయ్య ఆ రాళ్ళ మీద జారి పడ్డారు. మోకాలు వాచిపోయి చాన్నాళ్ళు మంచం మీదే ఉన్నారు.

మావారు ఏలూరులో ఐస్ ఫ్యాక్టరీలో పని చేసేవారు. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు, పడవకి చెయ్యి వేద్దామన్నా కుదరదు. తల్లి పడిపోయిందంటే ఆయనకి ప్రాణం కొట్టుకుంది. అందుకే ఒక రాత్రి భోజనాల దగ్గర, పడవ అమ్మేద్దాం, గేదెల్ని కూడా అమ్మేద్దాం, అమ్మ ఇక హాయిగా కూర్చుని తింటుంది అన్నారు. పెదపాడు వైపు చేపల చెరువులున్న ఒకాయన మేత చల్లుకోవడానికి పాత పడవ వెతుకుతున్నాడని కబురు కూడా తెచ్చారు. అత్తయ్య అన్నం సగంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

నేను వెనకాలే వెళ్ళాను. అంతవరకు ఇంటి పనుల గురించి తప్ప నాతో మాట్లాడని మనిషి, గేదెల పాక దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా చెప్పారు.

"పొద్దున్నే ఆ నీళ్ళ మీదికెళ్తే నాకు బాగుంటదమ్మా. అక్కడ నేను ఎవరికీ అమ్మనీ కాదు, అత్తనీ కాదు. కూర్చుని తినడం ఎవరిక్కావాలి?"

గేదెల కోసం ఆవిడ పడవెక్కుతున్నారని అప్పటిదాకా అనుకున్నాను. ఆవిడ పడవ కోసమే గేదెల్ని పెంచుతున్నారు. అత్తయ్యంటే నాకున్న భయంలో సగం ఆ పాక దగ్గరే పోయింది. మిగతా సగం జాగ్రత్త కోసం ఉంచుకున్నాను.

తల్లీ కొడుకులు కొన్నాళ్ళు మాటల్లేకుండా ఉండి చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎండాకాలంలో పడవకి ఎలాగూ కొత్త పూత వెయ్యాలి. పూత వేశాక, తొలకరికి డ్రెయిన్ నిండగానే, ఎవరి సాయం లేకుండా ఒక్క ఆడమనిషి పడవని గట్టు దాటించగలిగితే పడవ ఉంటుంది. లేకపోతే పెదపాడు ఆయనకి వెళ్ళిపోతుంది. మాట మావారిదే. అత్తయ్య సరే అన్నారు.

మరి ఏ పూత వెయ్యాలి? ఆ ప్రశ్న తిరిగి తిరిగి నా నెత్తిన పడింది. నేను తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్ళిచూపుల రోజున తప్ప ఆ డిగ్రీ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మావారికి గుర్తొచ్చింది, కెమిస్ట్రీ చదివావు కదా నువ్వే తేల్చు అన్నారు. నేను చదివిన కెమిస్ట్రీలో పడవ పాఠం లేదు. ఆ మాట పైకి అనలేదు. ఇంట్లో కోడలికి గౌరవం దొరికే అవకాశాలు మాటిమాటికీ రావు.

ఏలూరు వెళ్ళి పెయింట్ల షాపుల్లో అడిగాను. ఒకాయన సముద్రం పడవలకి వేసే ఎపాక్సీ డబ్బా చూపించి, చెక్క పూర్తిగా ఆరిందాండీ అని అడిగాడు. పుట్టినప్పట్నుంచీ నీళ్ళలోనే ఉందండీ అన్నాను. అయితే ఒక ఏడాది ఎండబెట్టి అప్పుడు రండి అన్నాడు. మావారి మనసంతా ఫైబరు మీద ఉంది. చెక్క మీద ఫైబరు గుడ్డ పరిచి జిగురు పోసి గట్టిపరిస్తే ఇనుములా ఉంటుందని, ఇక మాట్లాడే పనే లేదని ఆయన వాదన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పక్కింటివాళ్ళు తారునే ఇంకా మందంగా వెయ్యమన్నారు. అత్తయ్యది పుట్టింటి పద్ధతి, చేప నూనెలో గుగ్గిలం కరిగించి పట్టించడం.

మా నాన్న ఫోనులో సంగతంతా విని, జీడిపిక్కల నూనె ఉండగా ఇంత ఆలోచన ఎందుకన్నాడు. మా మెట్టలో జీడిమామిడి తోటలెక్కువ. పిక్క పెంకులోంచి తీసిన ఆ నల్లటి నూనెని ద్వారబంధాలకీ, నాగళ్ళకీ, ఎడ్లబండి కర్రలకీ రాస్తారు. చెద దగ్గరికి రాదు, నీరు లోపలికి దిగదు. మర్నాడే నాన్న డబ్బా పట్టుకుని దిగాడు. ఆ వాసనకి పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదట, ఏలూరు దాకా కాళ్ళు బారజాపుకుని వచ్చానని సంబరపడిపోయాడు. వెళ్ళేముందు అత్తయ్యకి ఒకటికి రెండుసార్లు జాగ్రత్త చెప్పాడు. ఈ నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది వదినగారూ, చేతులకి ఆముదం పట్టించుకుని, కర్రకి గుడ్డ చుట్టి రాయాలి అని. అత్తయ్య తలూపారు. ఆ తలూపడం నేను నమ్మాను.

ఎవరి వాదన వాళ్ళదిగా ఉంటే ఎండాకాలం అయిపోతుంది కానీ పడవకి పూత పడదు. అందుకని నేను ప్రయోగం పెడతానన్నాను. ఒకేలాంటి చెక్కల మీద తలా ఒక పూత వేసి, నీళ్ళలో నానబెట్టి, గ్రావెల్ మీద లాగి చూడడం. ఇంట్లో ఒకేలాంటి చెక్కలంటే ఏమున్నాయి? వంటింట్లో రెండు పీటలు, మా పెళ్ళిపీటలు రెండు. పెళ్ళిపీటల మాట వినగానే మావారు అడ్డం పడ్డారు.

"మనం కూర్చున్న పీటలకి తారు పూస్తావా?"

"మళ్ళీ కూర్చునే ఉద్దేశం ఏమైనా ఉందాండీ?" అన్నాను.

అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా మాటకి ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఒక పీటకి తారు, ఒకదానికి గుగ్గిలం కలిపిన చేప నూనె, నా పెళ్ళిపీటకి జీడినూనె. మావారు తన పెళ్ళిపీటని సంచిలో పెట్టుకుని ఏలూరు తీసుకెళ్ళి, ఫైబరు వేయించుకుని వచ్చారు. అన్నీ ఆరాక కొన్నాళ్ళు డ్రెయిన్‌లో నానబెట్టాం. ఒక ఆదివారం గట్టు మీదికి మోసుకెళ్ళి, ఒక్కోదాని మీద తిరగలి రాయి పెట్టి, తాడు కట్టి లాగాం. అటుగా పోతున్న లారీ డ్రైవరు బండి ఆపి, ఇది ఏం పూజండీ అని అడిగాడు. పడవ పూజ అని అత్తయ్య నిదానంగా జవాబిచ్చారు. ఆయన దణ్ణం పెట్టుకుని పోయాడు.

ఫైబరు పీట జర్రున జారిపోయింది. మిగతా మూడూ ప్రతి రాయికీ తట్టుకుని, తిరగలి రాయిని కింద పడేసి, నానా గొడవా చేశాయి. మావారి మొహం వెలిగిపోయింది. నేను చెప్పలేదూ అని ఇంటిదాకా చెబుతూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడిపోయినందుకు కాదు, పద్ధతి బాగోలేదని అన్నాను. నిజానికి ఓడిపోయినందుకే.

ఆ కోపంతోనే సాయంత్రం పీటలు కడగడానికి కూర్చుని, బోర్లించి చూద్దును కదా, నాలుగింటి పూతలూ నిన్న వేసినట్టే నిగనిగలాడుతున్నాయి. ఎక్కడా గీత లేదు. గీతలన్నీ అడుగునున్న పట్టీల మీదే. పీట నేలకి ఆనకుండా కింద రెండు చెక్క పట్టీలు కొడతారు కదా, గ్రావెల్‌కి తగిలినవి అవి మాత్రమే. నేను పూతలకి పందెం పెట్టాననుకున్నాను, పరుగెత్తినవి పట్టీలు. ఫైబరు పీట ఎందుకు గెలిచిందో కూడా అప్పుడు కనిపించింది. మావారు తాడుని పట్టీల వెంబడి లాగేటట్టు కట్టుకున్నారు. నేను నా మూడింటికీ అడ్డంగా కట్టాను. అడ్డంగా వెళ్ళే పట్టీ ప్రతి రాయికీ తగలకుండా ఎలా ఉంటుంది? మర్నాడు పొద్దున్నే తాళ్ళు మార్చి లాగితే నాలుగూ బుద్ధిగా జారాయి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కావలసినదాని మీద రోజూ కూర్చుని అన్నం తింటూ ఏలూరు షాపులన్నీ తిరిగాను.

"అత్తయ్యగారూ, పడవకి పీట పట్టీలు కొట్టిద్దామండీ" అన్నాను.

ఆవిడ పీటని తిప్పి, పట్టీ మీద బొటనవేలు రాసి చూశారు. తర్వాత పాక వైపు చూసి, పాత తాటి దూలం ఒకటి పడుందే, ఆ చేవతో కొట్టిస్తే రాయే అరుగుద్ది అన్నారు.

వడ్రంగి వచ్చి, పడవని బోర్లించి, ముందు నుంచి వెనక దాకా పొడుగ్గా రెండు తాటి పట్టీలు బిగించాడు. గ్రావెల్ సంగతి పట్టీలు చూసుకుంటాయి. ఇక పూత చెయ్యాల్సింది నీళ్ళని ఆపడమే. అందుకు మళ్ళీ పీటల్నే ఇంకొన్నాళ్ళు డ్రెయిన్‌లో నానబెట్టి అడిగాం. చేప నూనె పీట ఉబ్బింది. తారు పీట నెర్రెల్లోంచి చెమ్మ పట్టింది. ఫైబరు పీటకి అంచు దగ్గర పూత లేచి, కింద నీళ్ళు చేరాయి. జీడినూనె పీట మాత్రం పొడిగా, తేలిగ్గా ఉంది. మావారు తన పీట అంచుని గోటితో గీకి చూసి, సరేలే అన్నారు. ఆ ఒక్క మాట కోసం ఆయనెంత కష్టపడ్డారో నాకు తెలుసు.

చేతులకి ఆముదం పూసుకుని, కర్రకి గుడ్డ చుట్టి, రెండు పూతలు నేనే వేశాను. మూడో పూత ఎండ చల్లబడ్డాక వేద్దామని మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాను. లేచి చూస్తే పడవ అడుగంతా నల్లగా మెరుస్తోంది. అత్తయ్య బోరు దగ్గర కూర్చుని చేతులు తోముకుంటున్నారు. కర్రా గుడ్డా నేను పెట్టిన చోటే ఉన్నాయి.

పడవకి నూనె పట్టించడమంటే ఆ ఊళ్ళో అరచేత్తో పట్టించడమే. చేప నూనె అయితే పరవాలేదు, ఇది జీడి. మర్నాటికి వేళ్ళ సందుల్లో, మణికట్ల మీద బొబ్బలు పొంగాయి. కాయలు కాసిన అరచేతుల్ని కూడా వదల్లేదు. ఆవిడ చేతులు కొంగులో దాచుకుని తిరుగుతుంటే నేనే లాగి చూశాను. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. పెద్దవారని కూడా చూడకుండా, నాన్న అంత చెప్పాక కూడా చెయ్యెందుకు పెట్టారని కేకలేశాను.

"గుడ్డ పైపైన పోద్దే. చెయ్యి పెడితేగాని ఎక్కడ నెర్రె ఉందో తెలీదు" అన్నారు, తప్పు చేసిన పిల్లలా.

డాక్టరు మందు రాసిచ్చాడు. నేను మెత్తటి పాత చీర చింపి కట్లు కట్టాను, అన్నం కలిపి తినిపించాను. బొబ్బలు చితికి చర్మం ఊడుతున్న రోజుల్లోనే తొలకరి పడింది. డ్రెయిన్ నిండింది. ఆదివారం పొద్దున్నే పెదపాడు ఆయన మోటారుసైకిలు మీద దిగాడు.

మావారు కబురు పెట్టి పిలిపించారని అప్పుడు తెలిసింది. పడవని డ్రెయిన్‌లోకి దింపి ఇద్దరూ అటూ ఇటూ తిప్పి చూశారు. అత్తయ్య కట్లు కట్టిన చేతులతో, అలవాటు చొప్పున కొడవలి చంకన పెట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. మావారు మెత్తగానే అన్నారు.

"ఈ చేతుల్తో ఏం లాగుతావమ్మా? వదిలెయ్ ఇంక."

అత్తయ్య కొడవలిని గట్టు మీద పెట్టేసి, చేతుల వైపు చూసుకున్నారు. అది నేను చూడలేకపోయాను.

"ఒక్క ఆడమనిషి అన్నారు కదండీ" అన్నాను మావారితో. "ఏ ఆడమనిషో చెప్పలేదు."

కొంగు బిగించి, డ్రెయిన్‌లోకి దిగి తాడు పట్టుకున్నాను. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చేసరికే తాడుతో గట్టు మీదికి వచ్చేశాను. లాగాను. పడవ ముందు కదల్లేదు. తర్వాత పట్టీలు గట్టు అంచు పట్టుకున్నాయి, గ్రావెల్ మీద గరగరమంటూ ఎక్కాయి, నేను వెనక్కి నడుస్తుంటే నా వెంటే వచ్చాయి. అవతలి వాలు దగ్గర నేను లాగడం మానేసినా పడవ మానలేదు. తాడుతో పాటు నన్నూ ఈడ్చుకుంటూ కొల్లేరులోకి దిగిపోయింది. నడుం లోతు నీళ్ళలో కళ్ళు మూసుకుని, అంచు పట్టుకుని, తవుడు బస్తాలా బోర్లాపడి పడవెక్కాను. కాళ్ళు నీళ్ళలో లేవని తెలిశాక కళ్ళు తెరిచాను.

అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తన ఇంటి అరుగెక్కినట్టు పడవెక్కి నా ఎదురుగా కూర్చున్నారు.

"గెడ తీసుకో. నీళ్ళని చూడకు, నన్ను చూడు" అన్నారు.

నేను ఆవిడనే చూస్తూ గెడ వేశాను. పడవ ముందుకి పోకుండా ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. గట్టు మీద పెదపాడు ఆయన నవ్వాపుకోలేకపోయాడు. పట్టీలు భలే పెట్టించారండీ, మంచి ధర ఇస్తాను, ఇచ్చేయండి అన్నాడు. అత్తయ్య ఆయన వైపు తిరిగారు.

"అమ్మం బాబూ. ఇప్పుడు తోలేవాళ్ళం ఇద్దరమయ్యాం."

మావారు వంగి గట్టు మీదున్న కొడవలి తీసుకుని, ఫ్యాంటు తడిసిపోతున్నా చూసుకోకుండా నీళ్ళలో నడుచుకుంటూ పడవ దాకా వచ్చారు.

"అమ్మా, కొడవలి మర్చిపోయావు" అన్నారు.

"నాకెందుకురా, దానికియ్యి" అన్నారు అత్తయ్య.

నేను కొడవలి అందుకుని పడవ ముందు బల్ల కింద దోపాను. గెడ మళ్ళీ వేస్తే ఈసారి పడవ కాస్త తిన్నగా కదిలింది. లంక దగ్గర పడుతుండగా అత్తయ్య కట్టు కట్టిన చేతిని పడవ అడుగున ఆనించి చూసి, నన్ను కూడా చూడమన్నారు. లోపల ఎక్కడా ఒక్క చుక్క నీరు లేదు.